ఫైవ్ స్టార్ ఎవరిచ్చారు? మానసిక వైద్యంలో పేషెంట్‌ని అడగడం ఎలా మొదలైంది

ఈ రోజు ఎపిసోడ్‌ని నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతా. చేసేటప్పుడు అది తప్పని కూడా నాకు తెలీదు.

మా పెద్దనాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. రిటైరైన ఏడాదికల్లా మాట తగ్గించేశాడు. నిద్ర లేదు, తిండి లేదు. పొద్దున్నే లేచి గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. చివరికి ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో, సైకియాట్రీ వార్డులో పదకొండు రోజులు ఉంచాం. మందులు పనిచేశాయి. మనిషి కోలుకున్నాడు. ఆ మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ఇది వైద్యానికి వ్యతిరేకంగా చేస్తున్న వీడియో కాదు.

డిశ్చార్జ్ రోజు బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఒకమ్మాయి ట్యాబ్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "చిన్న ఫీడ్‌బ్యాక్ సార్, ఫైవ్ ఇచ్చేయండి సార్" అంది. ఐదు ప్రశ్నలు. డాక్టర్ ఎలా మాట్లాడారు, నర్సులు ఎలా చూసుకున్నారు, వార్డు శుభ్రంగా ఉందా, భోజనం ఎలా ఉంది, ఇంకెవరికైనా మా హాస్పిటల్ గురించి చెప్తారా. నేను టకటకా ఐదింటికీ ఐదు నొక్కేశా. ఇరవై సెకన్లు కూడా పట్టలేదు. బయట ఆటో వెయిటింగ్‌లో ఉంది మరి.

పెద్దనాన్న నా పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు, మందుల కవర్ ఒళ్ళో పెట్టుకుని. పదకొండు రోజులు లోపల ఉన్నది ఆయన. స్టార్లు ఇచ్చింది నేను. ఆయన్ని ఒక్క మాట అడగాలని నాకు తట్టనే లేదు.

చాలా రోజుల తర్వాత ఆ విషయం గుర్తొచ్చి సిగ్గేసింది. అప్పుడు చదవడం మొదలుపెట్టా. అసలు మానసిక వైద్యం తీసుకుంటున్న మనిషిని "ఇక్కడ నీకెలా ఉంది?" అని అడగడం ఎప్పుడు మొదలైంది? ఎవరు మొదలుపెట్టారు? ఆ ట్యాబ్ నా చేతిలోకి రావడానికి ముందు ఏం జరిగింది? ఈ రోజు కథ అదే.

ముందు ఒక మాట. మన హైదరాబాద్‌లో "ఎర్రగడ్డ" అనేది ఒక ఏరియా పేరు. కానీ ఫ్రెండ్స్ మధ్య, సినిమాల్లో అది జోకు. "వీణ్ణి ఎర్రగడ్డలో పడెయ్యాలిరా" అంటాం, నవ్వుతాం. అందరం అన్నాం, నేనూ అన్నా. ఆ జోకులో దాక్కున్న మాట ఏంటంటే, అక్కడికి వెళ్ళినవాడి మాట లెక్కలోకి రాదు అని. కాలు విరిగినవాడు "నొప్పిగా ఉంది" అంటే నమ్ముతాం. మానసిక జబ్బు ఉన్నవాడు "నన్ను సరిగ్గా చూడట్లేదు" అంటే, అది కూడా జబ్బు లక్షణమే అనుకుంటాం. ఈ ఎపిసోడ్‌లో వచ్చే మనుషులంతా పోరాడింది ఈ ఒక్క అలవాటుతోనే.

మొదటి మనిషి పేరు జాన్ పెర్సివల్. ఇంగ్లండ్. పెద్ద కుటుంబం. తండ్రి స్పెన్సర్ పెర్సివల్ బ్రిటన్ ప్రధానమంత్రి. 1812లో పార్లమెంట్ లాబీలో ఒకడు ఆయన్ని తుపాకీతో కాల్చి చంపాడు. హత్యకు గురైన బ్రిటన్ ప్రధాని ఆయన ఒక్కడే. అప్పటికి జాన్‌కి తొమ్మిదేళ్ళు.

జాన్ పెద్దయ్యాక సైన్యంలో ఆఫీసర్‌గా చేశాడు. మానేసి ఆక్స్‌ఫర్డ్‌లో చేరాడు. మతం వైపు బాగా మళ్ళాడు. 1830 చివర్లో మనసు పూర్తిగా అదుపు తప్పింది. గొంతులు వినిపించేవి, అవి చెప్పినట్టల్లా చేసేవాడు. అన్నయ్య వచ్చి 1831 మొదట్లో బ్రిస్టల్ దగ్గర బ్రిస్లింగ్టన్ హౌస్ అనే ప్రైవేట్ పిచ్చాసుపత్రిలో చేర్చాడు. అది డబ్బున్నవాళ్ళ హాస్పిటల్. అప్పట్లో మంచి పేరున్నది. అక్కడి నుంచి ససెక్స్‌లోని టైస్‌హర్స్ట్ అనే ఇంకో హాస్పిటల్‌కి మార్చారు. 1834లో బయటికొచ్చాడు.

బయటికొచ్చి ఆయనేం చేశాడంటే, పుస్తకం రాశాడు. 1838లో ఒక భాగం, 1840లో ఇంకో భాగం. లోపల తనకి జరిగిందంతా రాశాడు. చల్లనీళ్ళలో ముంచడం, పట్టీలతో కట్టేయడం, నౌకర్లు మొరటుగా లాగడం, అన్నీ.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆయన "నాకు జబ్బు లేదు, అన్యాయంగా పెట్టారు" అనలేదు. జబ్బు ఉందని ఒప్పుకున్నాడు. గొంతులు ఎలా వినిపించేవో, తను ఏమేం భ్రమపడ్డాడో దాచకుండా రాశాడు. ఆయన ఫిర్యాదు వేరు. నన్ను ఒక చెక్క బొమ్మలా, ఇంట్లో సామానులా చూశారు అంటాడు. నాకేం చేయబోతున్నారో ఒక్కరూ చెప్పలేదు, నాకేం కావాలో ఒక్కరూ అడగలేదు అంటాడు. జబ్బుతో ఉన్న మనిషి కూడా తనకి జరుగుతున్నది చూడగలడు, గుర్తుపెట్టుకోగలడు, మంచీ చెడూ చెప్పగలడు. 1838లో ఈ మాట అనడం చిన్న విషయం కాదు.

1845లో ఆయన లాంటివాళ్ళు కొందరు కలిసి ఒక సంఘం పెట్టారు. దాని పేరుని తెలుగులో చెప్పాలంటే "పిచ్చివాళ్ళని ముద్రపడినవాళ్ళ మిత్రమండలి". పెర్సివల్ దానికి కార్యదర్శిగా పనిచేశాడు. హాస్పిటల్స్‌కి వెళ్ళి లోపలున్నవాళ్ళతో మాట్లాడటం, వాళ్ళ ఫిర్యాదులు అధికారుల దగ్గరికి తీసుకెళ్ళడం వీళ్ళ పని. 1859లో పార్లమెంట్ కమిటీ ముందుకెళ్ళి పెర్సివల్ సాక్ష్యం కూడా చెప్పాడు.

అదే 1845లో బ్రిటన్ ప్రభుత్వం కూడా హాస్పిటల్స్ తనిఖీకి కమిషనర్లని పెట్టింది. అది కూడా మంచి పనే. కాకపోతే ఇన్‌స్పెక్షన్ అంటే ముఖ్యంగా గదులెన్ని, గాలీ వెలుతురూ ఉన్నాయా, ఎంతమందిని కట్టేశారు, రిజిస్టర్లు రాస్తున్నారా అనేది చూడటం. ఇవి గోడల్ని చూసి, కాగితాల్ని చూసి చెప్పొచ్చు. మనిషికి ఎలా ఉందో చెప్పాలంటే మనిషిని అడగాలి. ఈ రెండింటి మధ్య తేడా గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ పనికొస్తుంది.

ఇప్పుడు అమెరికా వెళ్దాం. ఎలిజబెత్ ప్యాకార్డ్. ఆరుగురు పిల్లల తల్లి. భర్త పాస్టర్. మత విషయాల్లో ఆమె అభిప్రాయాలు భర్త అభిప్రాయాలతో కలవలేదు, పైగా ఆమె నలుగురిలో పైకే చెప్పేది. 1860లో భర్త ఆమెని ఇల్లినాయ్ రాష్ట్రంలోని జాక్సన్‌విల్ ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో పెట్టించేశాడు. దానికి కోర్టు విచారణ అక్కర్లేదు. ఆ రాష్ట్ర చట్టం ప్రకారం భర్త కోరితే, ఆసుపత్రి సూపరింటెండెంట్ సరేనంటే చాలు. అంతే.

మూడేళ్ళు లోపలుంది. చూసిందంతా కాగితాల మీద రహస్యంగా రాసి దాచుకుంది. 1863లో బయటికొస్తే భర్త ఇంట్లోనే ఒక గదిలో బంధించాడు. విషయం కోర్టుకెళ్ళింది. 1864 జనవరిలో విచారణ. జ్యూరీ ఏడు నిమిషాల్లో తేల్చేసింది, ఈమెకి ఏ పిచ్చీ లేదని. ఇంటికొస్తే భర్త పిల్లల్నీ సామాన్నీ తీసుకుని రాష్ట్రం వదిలి వెళ్ళిపోయాడు.

సినిమా అయితే కథ ఇక్కడ అయిపోతుంది. ఆమె ఇక్కడే మొదలుపెట్టింది. తన ఒక్కదాని కథ చెప్పి ఊరుకోలేదు, వార్డులో తనతో ఉన్నవాళ్ళందరి సంగతి ఎత్తుకుంది. పుస్తకాలు రాసి, తనే ఊరూరా తిరిగి అమ్మి, ఆ డబ్బుతో రాష్ట్రాల చట్టసభల చుట్టూ తిరిగింది. 1867లో ఇల్లినాయ్ చట్టసభ ఆ జాక్సన్‌విల్ ఆసుపత్రి మీద ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ మాజీ పేషెంట్లని, సిబ్బందిని పిలిచి వాళ్ళ మాటలు రికార్డు చేసింది. పేషెంట్‌గా ఉన్నవాళ్ళ మాటని ప్రభుత్వమే సాక్ష్యంగా రాసుకోవడం, చూడండి, ఎంత దూరం వచ్చామో.

తర్వాత 1872లో అయోవా రాష్ట్రంలో ఇంకో చట్టం వచ్చింది, ఆమె పోరాటం వల్లే. అందులో ముఖ్యమైన విషయం, ఆసుపత్రిలో ఉన్న మనిషికి బయటికి ఉత్తరం రాసే హక్కు. అప్పటిదాకా ఉత్తరం రాస్తే సూపరింటెండెంట్ చేతికి వెళ్ళేది. పంపాలో చించాలో ఆయన ఇష్టం. ఇప్పుడు మీకు ఫోన్ తీసేసుకుంటే ఎలా ఉంటుందో అనుకోండి. అది అప్పటి పరిస్థితి.

ఆ తర్వాత వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. 1887లో నెల్లీ బ్లై అనే జర్నలిస్ట్ పిచ్చి నటించి న్యూయార్క్‌లోని ఆసుపత్రిలో పది రోజులుండి పేపర్లో రాసేసింది. 1908లో క్లిఫర్డ్ బీర్స్ అనే యేల్ గ్రాడ్యుయేట్ మూడు ఆసుపత్రుల్లో తన అనుభవం పుస్తకంగా రాసి, మరుసటి ఏడాది జాతీయ స్థాయిలో ఒక సంస్థనే మొదలుపెట్టాడు. వాళ్ళ మీద ఒక్కో ఎపిసోడ్ చేయొచ్చు. ఇవాళ్టికి వదిలేద్దాం. ఎందుకంటే వీళ్ళందరిలో ఒక కామన్ పాయింట్ ఉంది. చదువుకున్నవాళ్ళు, పుస్తకం రాయగలిగినవాళ్ళు, బయటికి రాగలిగినవాళ్ళు. మరి రాయడం రానివాళ్ళ సంగతి? పక్క బెడ్ మీద ఉన్న మా పెద్దనాన్న లాంటివాళ్ళ సంగతి?

అక్కడే ప్రశ్నాపత్రం వచ్చింది. క్వశ్చనీర్. అందరినీ ఒకే ప్రశ్న అడిగి, జవాబుని నంబర్‌గా మార్చడం.

1963లో కెనడీ ప్రభుత్వం అమెరికాలో ఒక చట్టం తెచ్చింది. పెద్ద పెద్ద పిచ్చాసుపత్రుల బదులు ఊళ్ళలోనే మానసిక ఆరోగ్య కేంద్రాలు పెట్టాలని. సెంటర్లు వచ్చాయి, గవర్నమెంట్ డబ్బు వచ్చింది. డబ్బిస్తే లెక్క అడుగుతారుగా. 1975లో చట్టం మార్చి, మీ సేవ ఎలా ఉందో మీరే కొలిచి చూపించండి అన్నారు. అప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో లార్సెన్, అట్కిసన్, వాళ్ళ సహచరులు కలిసి ఒక ప్రశ్నాపత్రం తయారుచేశారు. 1979లో ప్రచురించారు. క్లయింట్ శాటిస్‌ఫాక్షన్ క్వశ్చనీర్ అంటారు. ఎనిమిది ప్రశ్నలు. ఒక్కోదానికి 1 నుంచి 4 మార్కులు. అంటే తక్కువలో తక్కువ 8, ఎక్కువలో ఎక్కువ 32. సేవ నాణ్యత ఎలా ఉంది, మీ అవసరం తీరిందా, స్నేహితుడికి చెప్తారా, మళ్ళీ అవసరమైతే వస్తారా, ఇలాంటివి. మళ్ళీ చూడండి, నా చేతిలో పెట్టిన ట్యాబ్‌లో ఉన్నది దాదాపు ఇవే. నలభై ఏళ్ళు దాటినా అవే ప్రశ్నలు.

ఇది చాలా దేశాలకి, చాలా భాషల్లోకి వెళ్ళింది. మంచి పని చేసింది కూడా. మొదటిసారి పుస్తకం రాయలేనివాడి మాట కూడా లెక్కలోకి వచ్చింది.

కానీ ఒక వింత జరిగింది. ఎక్కడ అడిగినా మార్కులు బ్రహ్మాండంగా వచ్చేవి. దాదాపు అందరూ సంతృప్తిగా ఉన్నాం అనేవాళ్ళు. బెడ్లు చాలని చోటా, డాక్టర్ ఐదు నిమిషాలు కూడా మాట్లాడని చోటా, మార్కులు మాత్రం బాగానే ఉండేవి. తయారుచేసినవాళ్ళకే అనుమానం వచ్చింది. అందరూ ఫస్ట్ క్లాస్‌లో పాసైతే, పేపర్ ఈజీగా ఉందా, పిల్లలు నిజంగా తెలివైనవాళ్ళా?

1998లో బ్రిటన్‌లో బ్రయాన్ విలియమ్స్, జోన్ కోయిల్, డేవిడ్ హీలీ అనే ముగ్గురు పరిశోధకులు ఒక తెలివైన పని చేశారు. మానసిక ఆరోగ్య సేవలు తీసుకుంటున్నవాళ్ళ చేత ఇలాంటి ఫారమే నింపించారు. ఫారం నింపించి వదిలేయకుండా, కూర్చోబెట్టి తీరిగ్గా మాట్లాడారు. అసలు ఏం జరిగిందో చెప్పించారు.

చూస్తే ఏముంది? ఫారంలో మంచి మార్కులు. మాటల్లో బోలెడు చేదు అనుభవాలు. ఇద్దరు మనుషులు కాదు, ఒకే మనిషి. మరి మార్కులెందుకు తగ్గించలేదు? వాళ్ళకి రెండు కారణాలు కనిపించాయి. ఒకటి, "అది వాళ్ళ పని కాదు కదా" అని పేషెంట్ అనుకోవడం. రెండోది, "అందులో వాళ్ళ తప్పేముంది" అనుకోవడం. అనుభవం చెడ్డదే. కానీ దానికి బాధ్యత ఫలానావాళ్ళది అని అనుకోకపోతే, మార్కు తగ్గించం.

ఇది చదివినప్పుడు నేను ఫోన్ పక్కన పెట్టి కాసేపు అలా ఉండిపోయా. మన ఇళ్ళల్లో రోజూ వినే మాట కదా ఇది! "పాపం వాళ్ళు మాత్రం ఏం చేస్తారు." ప్రభుత్వాసుపత్రిలో నాలుగు గంటలు లైన్లో నిలబడి వచ్చినా మా అమ్మ అనే మాట ఇదే. దయగల మాట. మంచి మాట. కానీ ఆ మాట ఫారంలోకి వెళ్తే ఫైవ్ స్టార్‌గా మారిపోతుంది.

ఇంకో కారణం మీకు ఈపాటికి తట్టే ఉంటుంది. అడిగేది ఎవరు? ఎప్పుడు? తాళం చెవి ఎవరి దగ్గరుందో వాళ్ళే వచ్చి "ఎలా చూసుకుంటున్నాం?" అంటే ఏం చెప్తాం? "బాగా చూస్తున్నారు సార్" అంటాం. హాస్టల్లో వార్డెన్ వచ్చి మెస్ ఎలా ఉందని అడిగినప్పుడు మీరేమన్నారో గుర్తు తెచ్చుకోండి.

దీన్ని నంబర్లతో చూపించింది లండన్‌లో డయానా రోజ్ బృందం. డయానా రోజ్ పరిశోధకురాలు, మానసిక ఆరోగ్య సేవలు తీసుకున్న మనిషి కూడా. రెండూ ఆమె దాచలేదు. 1990లలో ఆమె ఒక పద్ధతి మీద పనిచేసింది. పేషెంట్లని ఇంటర్వ్యూ చేసేది పేషెంట్లుగా ఉన్నవాళ్ళే. ప్రశ్నలు రాసేదీ వాళ్ళే. 2001లో లండన్ కింగ్స్ కాలేజీలో ఇలాంటి పరిశోధన కోసం ఒక విభాగమే మొదలైంది.

2003లో ఈ బృందం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పేపర్ వేసింది. ఈసీటీ గురించి. మనవాళ్ళు "కరెంట్ ట్రీట్‌మెంట్" అంటారే, అది. సినిమాల్లో చూపించేది మర్చిపోండి. ఇప్పుడు మత్తిచ్చి చేస్తారు, తీవ్రమైన డిప్రెషన్‌లో చాలామందికి అది పనిచేస్తుంది. ప్రశ్న అది కాదు. తీసుకున్నవాళ్ళు ఏమంటున్నారు అనేది ప్రశ్న.

బ్రిటన్‌లో సైకియాట్రిస్టుల సంఘం అప్పటికి పేషెంట్లకి ఇచ్చే సమాచారంలో, 80 శాతానికి పైగా సంతృప్తిగా ఉన్నారని, జ్ఞాపకశక్తి సమస్య పెద్దదేం కాదని చెప్పేది. రోజ్ బృందం అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నీ ముందేసుకుంది. డాక్టర్లు చేసినవి 26. పేషెంట్లు చేసినవి, లేదా పేషెంట్లతో కలిసి చేసినవి 9. పక్కపక్కన పెట్టి చూశారు. డాక్టర్లు అడిగితే ఎక్కువమంది "మేలు జరిగింది" అన్నారు. పేషెంట్లు అడిగితే ఆ సంఖ్య బాగా తగ్గింది. ట్రీట్‌మెంట్ అయిన వెంటనే, ఆసుపత్రిలోనే, ట్రీట్‌మెంట్ చేసిన డాక్టరే నాలుగు ప్రశ్నలడిగితే సంతృప్తి ఎక్కువ. కొన్నాళ్ళు పోయాక, ఇంటి దగ్గర, ఇంకెవరో తీరిగ్గా అడిగితే తక్కువ. కనీసం మూడోవంతు మంది జ్ఞాపకాలు పోయాయని, తిరిగి రాలేదని చెప్పారు. ఆ 80 శాతం మాటకి ఆధారం లేదని రోజ్ బృందం తేల్చి రాసింది.

ఇందులో డాక్టర్లు అబద్ధమాడారని అర్థం కాదు. వాళ్ళు విన్నదే రాశారు. కాకపోతే ఆ డాక్టరు కుర్చీలో కూర్చుంటే వినపడేది అంతే. అదే ఏడాది బ్రిటన్‌లో ఈసీటీ మీద వచ్చిన అధికారిక మార్గదర్శకాల్లో పేషెంట్ల అనుభవాలని కూడా సాక్ష్యంగా తీసుకున్నారు. పెర్సివల్ పుస్తకం రాసిన 165 ఏళ్ళకి.

తర్వాత 2012లో ఈ పద్ధతిలోనే ఇంకో ప్రశ్నాపత్రం వచ్చింది. వాయిస్ అంటారు. వార్డుల్లో ఉన్నవాళ్ళని గుంపులుగా కూర్చోబెట్టి, అసలు ఏం అడగాలో వాళ్ళ చేతే చెప్పించి, 19 ప్రశ్నలు తయారుచేశారు. ముందు ప్రశ్న ఎవరిదో తేల్చారు, ఆ తర్వాతే జవాబు అడిగారు.

సరే, మరి మన దేశం?

స్వాతంత్ర్యానికి ముందు, 1946లో భోర్ కమిటీ కోసం మూర్ టేలర్ అనే డాక్టర్ మన దేశంలో 19 మానసిక ఆసుపత్రులు చూసి రిపోర్టు రాశాడు. చాలావరకు ఇవి పాతకాలపువి, మనుషుల్ని పట్టి ఉంచడానికి కట్టినవే తప్ప వైద్యం కోసం కాదు అని దాని సారాంశం. తర్వాత యాభై ఏళ్ళకి, సుప్రీంకోర్టు బాధ్యత అప్పగించాక, జాతీయ మానవ హక్కుల కమిషన్ బెంగళూరు నిమ్హాన్స్‌తో కలిసి దేశంలో 37 మానసిక ఆసుపత్రులని పరిశీలించింది. 1999లో రిపోర్టు వచ్చింది. జైలు గదుల్లాంటి సెల్స్ ఇంకా వాడుతున్న ఆసుపత్రులున్నాయని అందులో ఉంది.

ఆ తర్వాత ఏర్వాడి జరిగింది. తమిళనాడు రామనాథపురం జిల్లా. అక్కడి దర్గా చుట్టూ ప్రైవేట్‌గా నడిచే "మెంటల్ హోమ్స్" ఉండేవి. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున ఒక హోమ్‌లో మంటలు అంటుకున్నాయి. లోపలున్నవాళ్ళు గొలుసులతో కట్టేసి ఉన్నారు. 28 మంది చనిపోయారు. ఆ ఊరికి రోజూ జనం వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. గొలుసులు అందరికీ కనపడేవి. కట్టేసి ఉన్నవాళ్ళ మాటని వినాల్సిన పద్ధతి, వినాల్సిన మనిషి, రెండూ లేవు.

2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది. 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. గొలుసులతో కట్టడం నిషేధం. మత్తు ఇవ్వకుండా ఈసీటీ చేయడం నిషేధం. మీకు గుర్తుండాల్సిన సెక్షన్లు రెండు. సెక్షన్ 26, ఆసుపత్రిలో ఉన్న మనిషికి ఫోన్లో మాట్లాడే, ఉత్తరాలు రాసే, మనుషుల్ని కలిసే హక్కు ఉంది. ఎలిజబెత్ ప్యాకార్డ్ ఉత్తరం గుర్తొచ్చిందా? సెక్షన్ 28, సేవలో లోపం ఉంటే ఫిర్యాదు చేసే హక్కు. ముందు ఆసుపత్రి బాధ్యుడికి, అక్కడ తేలకపోతే మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకి, అక్కడా తేలకపోతే రాష్ట్ర అథారిటీకి.

చట్టం ఒక్కటే కాదు, కొలిచే ప్రయత్నం కూడా జరిగింది. గుజరాత్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్వాలిటీ రైట్స్ పద్ధతిని ఆరు ప్రభుత్వ మానసిక ఆరోగ్య కేంద్రాల్లో అమలుచేసి, అమలు చేయని మూడింటితో పోల్చి చూశారు. ఏడాది తర్వాత సిబ్బంది తీరు చాలా మెరుగైంది. పేషెంట్లలో కూడా సంతృప్తి పెరిగింది, కానీ చాలా కొద్దిగా. నాకు ఈ రిజల్ట్ నచ్చింది, నిజం చెప్తోంది కాబట్టి. సిబ్బంది "మేం మారాం" అన్నంత మార్పు బెడ్ మీద ఉన్న మనిషికి వెంటనే అందదు. ఆ తేడా తెలియాలంటే ఇద్దరినీ వేర్వేరుగా అడగాలి. వాళ్ళు అడిగారు.

ఇక మళ్ళీ మా ఇంటికి వద్దాం. ఇదంతా పెద్దనాన్న పర్మిషన్‌తోనే చెప్తున్నా.

ఇదంతా చదివాక ఒక ఆదివారం వాళ్ళింటికెళ్ళా. "పెద్దనాన్నా, అప్పుడు హాస్పిటల్లో నిన్నెలా చూశారు?" అన్నా.

"బాగానే చూశార్రా. పాపం వాళ్ళు మాత్రం ఏం చేస్తారు, అంతమందిని చూసుకోవాలి గదా" అన్నాడు.

1998 నాటి ఆ పేపర్లో ఉన్నది అచ్చంగా గుంటూరు యాసలో వినిపించింది నాకు. నవ్వొచ్చింది, బాధా వేసింది. మళ్ళీ వేరేగా అడిగా. ఎలా ఉంది, బాగుందా లాంటి మాటలు తీసేశా. "పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా లోపల రోజెలా గడిచేదో చెప్పు" అన్నా.

అప్పుడు చెప్పడం మొదలెట్టాడు. చేరిన రోజే కళ్ళద్దాలు తీసేసుకున్నారంట. అద్దాలతో ఎవరైనా గాయం చేసుకుంటారేమోనని రూలు. గోడ మీద గడియారం ఉందంట గానీ ముల్లులు కనపడేవి కాదు. "ముప్పై ఏళ్ళు టైమ్ చూసుకుంటా బతికినోణ్ణిరా. పదకొండు రోజులు టైమెంతో తెలీలేదు. ఎవరో వచ్చి మాత్ర ఇచ్చేవాళ్ళు. మొహం ఆనేది కాదు. నిన్న వచ్చిన పిల్లేనా, వేరే పిల్లా అనేది గొంతుని బట్టే." ఒకసారి అడిగాడంట కూడా. "రూల్ అంకుల్" అన్నారంట. మళ్ళీ అడగలేదు.

డిశ్చార్జ్ రోజు ఆ మందుల కవర్లోనే కళ్ళద్దాలు కూడా ఉన్నాయి. నేను ఫైవ్ స్టార్లు నొక్కుతున్న టైమ్‌కి ఆయన ఒళ్ళో ఉన్న కవర్లో.

రూలుకి కారణం ఉండొచ్చు, నేను కాదనను. వార్డులో భద్రత చిన్న విషయం కాదు. కానీ భోజనం టైమ్‌లో, డాక్టర్ వచ్చినప్పుడు, నర్సు పక్కనుండగా ఇవ్వొచ్చుగా. ఆ ఆలోచన హాస్పిటల్‌కి రావాలంటే ముందు వాళ్ళకి ఆ సంగతి తెలియాలి. ఐదు ప్రశ్నల్లో కళ్ళద్దాల ప్రశ్న లేదు. ఉండదు కూడా. కళ్ళద్దాలు పోగొట్టుకున్నవాడే ఆ ప్రశ్న రాయగలడు.

మేమిద్దరం కూర్చుని హాస్పిటల్‌కి ఒక ఉత్తరం రాశాం. తిడుతూ కాదు. కోలుకున్నందుకు థాంక్స్ చెప్పి, కళ్ళద్దాల సంగతి రాసి, మార్చగలరా అని అడిగాం. మాటలు ఆయన చెప్పాడు, నేను టైప్ చేశా. ప్రింట్ తీశాక సంతకం నేను పెట్టబోతే, పెన్ను లాక్కున్నాడు. "లోపల ఉన్నది నేను గదరా" అన్నాడు.

మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి వైద్యం తీసుకుని వస్తే, ఫారం వాళ్ళ చేతికే ఇవ్వండి. వాళ్ళు "బాగానే ఉంది" అంటే ఆగిపోకండి, కొన్నాళ్ళయ్యాక ఇంట్లో తీరిగ్గా రోజెలా గడిచిందో అడగండి. మందులు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా ఆపొద్దు, ఈ వీడియో చూసి అసలే ఆపొద్దు. మీకే మనసు బాగోకపోతే టెలి మానస్ నంబర్ 14416, ఫ్రీ కాల్, తెలుగులో మాట్లాడతారు.

హాస్పిటల్ నుంచి జవాబు ఇంకా రాలేదు. వస్తే చెప్తా. మీ అనుభవాలు కామెంట్లలో రాయండి, హాస్పిటల్ పేర్లూ మనుషుల పేర్లూ వద్దు, జరిగింది మాత్రం రాయండి. నేను అన్నీ చదువుతా. మళ్ళీ కలుద్దాం.